జ్యూరీకి ఏ చీర కట్టుకోను?

పెళ్ళికి ఏ చీర కట్టుకోవాలో మనకి తెలుసు. పేరంటానికి తెలుసు. పరామర్శకి వెళ్ళేటప్పుడయితే బీరువా తలుపు తియ్యగానే చెయ్యి తనంతట తనే వెలిసిన నేతచీర మీదికి పోతుంది. కాని, ఒక మనిషి నేరం చేశాడా లేదా అని తేల్చడానికి వెళ్ళేటప్పుడు ఏం కట్టుకోవాలి? మన అమ్మలకీ అమ్మమ్మలకీ ఈ సందేహం రాలేదు. రాలేదు గనక మనకి నేర్పనూ లేదు.

ఈ సందేహం మా అక్క కూతురికి వచ్చింది. అది అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటుంది. ఆ దేశపు పౌరసత్వం వచ్చి రెండేళ్ళయింది. కిందటేడు చలికాలంలో దానికి కోర్టునించి ఓ కవరు వచ్చింది. ఫలానా తారీకున జ్యూరీకి హాజరు కావాలని పిలుపు. "పిన్నీ, గౌరవంగా ఉండే దుస్తుల్లో రమ్మన్నారు. పొట్టి లాగులూ, నినాదాలు రాసిన బనీన్లూ కూడదన్నారు. ఏం వేసుకోవాలో మాత్రం చెప్పలేదు" అని ఫోను చేసింది.

నేను నోరు తెరిచేలోగానే నా ఫోనులోకి బొమ్మలు రావడం మొదలుపెట్టాయి. ఇప్పుడు వచ్చిన వింతల్లో ఇదొకటి. తలనించి కాలిదాకా కనిపించే ఫోటో ఒకటి ఇస్తే చాలు, కంప్యూటరు అంగట్లో ఉన్న బట్టని తెచ్చి మన వొంటిమీద వేసి చూపిస్తుంది. విప్పక్కర్లేదు, తొడగక్కర్లేదు, సేల్స్‌మన్ మొహం చూడక్కర్లేదు. పది నిమిషాల్లో మా పిల్ల ఎనిమిది వేషాలు మార్చింది. నల్లకోటు, బూడిదరంగు పేంటు, నీలం సల్వార్ కమీజు, ఇలా. ఆఖరిది చీర. అందులో కుచ్చిళ్ళు ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ మాయమయ్యాయో ఆ భగవంతుడికే తెలియాలి. పైట కుడిభుజం మీద ఉంది! నేను పడీపడీ నవ్వాను. అది నవ్వలేదు.

"చీర కట్టి, బొట్టు పెట్టుకుని వెడితే, ఈవిడకి మన మాటలు అర్థమవుతాయా అనుకుని ప్లీడర్లు తీసిపారేస్తారేమో పిన్నీ. కోటు వేసుకుంటే ఎవరి బట్టలో ఎరువు తెచ్చుకున్నట్టుంది. ఈ ఎనిమిదింట్లో నేను ఎందులో నమ్మదగ్గదానిలా ఉన్నాను?" అంది.

అక్కడ ప్లీడర్లకి, కారణం చెప్పకుండానే కొంతమందిని జ్యూరీలోంచి తప్పించే హక్కు ఉంది. దాని భయం ఊరికే పుట్టింది కాదు. నేను మాత్రం పెద్దదాన్ని గనక చటుక్కున సలహా ఇచ్చేశాను. "నలుగురితోపాటు నారాయణా అను. కోటు వేసుకో. ఒక్కరోజు బొట్టు లేకపోతే కొంప మునగదు" అన్నాను. ఫోను పెట్టేశాక మనసు మనసులో లేదు. అన్నది నేనేనా అనిపించింది. నా నవలల్లో ఏ పాత్ర చేతా ఆ మాట అనిపించి ఉండను. ఆ రాత్రి నిద్ర పట్టక పాత పుస్తకాలు తిరగేశాను. ఈ ప్రశ్న మా పిల్లతో పుట్టలేదనీ, దీనికి నూటయాభై ఏళ్ళ పైబడిన వయసుందనీ అప్పుడు తెలిసింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఆడదానికి మాత్రం ఇంట గెలవడం దగ్గరే ఆపేశారు. రచ్చబండ మీద తగువు తీరుస్తూంటే మనవాళ్ళు తలుపువార నిలబడి వినేవారు. ఇంగ్లీషువాళ్ళు ఇందులో మనకేమీ తీసిపోలేదు. పన్నెండుమంది సాటి మనుషులు కూచుని తీర్పు చెప్పడం తమ న్యాయానికే కిరీటమని చెప్పుకున్నారు గాని, ఆ సాటి మనుషుల్లో ఆడవాళ్ళు లేరు. పద్ధెనిమిదో శతాబ్దంలో బ్లాక్‌స్టన్ అనే న్యాయకోవిదుడు, ఆడవాళ్ళు జ్యూరీకి పనికిరారు, అది స్త్రీత్వంలోని లోపం అని లాటిన్‌లో రాసి పెట్టాడు.

ఒక్కదానికి మాత్రం పనికొచ్చారు. ఉరిశిక్ష పడిన స్త్రీ తను గర్భవతినని చెప్పుకుంటే, అది నిజమో కాదో తేల్చడానికి పన్నెండుమంది పెద్ద ముత్తయిదువుల్ని పిలిచేవారు. దాన్ని గృహిణుల జ్యూరీ అనేవారు. బిడ్డ ఉందో లేదో చెప్పి ఇంటికి వెళ్ళిపోవాలి. తల్లి చేసింది నేరమా కాదా అని చెప్పే అధికారం వాళ్ళకి లేదు. ఈ ఆచారం ఇంగ్లండులో 1931 దాకా చట్టంలో ఉందంటే నమ్మండి.

నిజమైన జ్యూరీలో ఆడవాళ్ళు మొదట కూచున్నది లండన్‌లో కాదు, న్యూయార్కులోనూ కాదు. అమెరికా పడమటివైపు వయోమింగ్ అనే మారుమూల ప్రాంతంలో, లారమీ అనే ఊళ్ళో. 1868లో రైలుపట్టాలు పడ్డాక లేచిన ఊరు అది. సారాకొట్లకీ తుపాకులకీ పేరు. 1869 డిసెంబరులో వయోమింగ్ ఆడవాళ్ళకి వోటు ఇచ్చింది. 1870 మార్చిలో లారమీ కోర్టు గ్రాండ్ జ్యూరీకి ఆడవాళ్ళని పిలిచింది. మొదట పిలుపందుకున్నది ఎలీజా స్టూవర్ట్ అనే పంతులమ్మ.

కబురు తెలిసి దేశం నలుమూలలా పత్రికలు ఎగబడ్డాయి. వాళ్ళకి కావలసింది విచారణ కాదు. ఆ ఆడవాళ్ళు ఎలా ఉన్నారు, ఏం వేసుకున్నారు! బొమ్మలు వేసేవాళ్ళు తయారయ్యారు. అందరూ కలిసి ఫోటో తీయించుకోమన్నారు. వాళ్ళు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా మొహాల మీద దట్టమైన మేలిముసుగులు దించుకుని కోర్టుకి వచ్చేవారు, వెళ్ళేవారు. మొహం చిక్కకపోతే పత్రికలు ఊరుకుంటాయా? ఒళ్ళో పసిబిడ్డల్ని పెట్టుకుని జ్యూరీలో కూచున్నట్టు వెక్కిరింపు బొమ్మలు వేసి అచ్చుకొట్టాయి.

ఆ మేలిముసుగు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఘోషా అనగానే మనకి అణిచివేత గుర్తొస్తుంది. వాళ్ళకి మాత్రం ఎవరూ చెప్పలేదు, ఎవరూ కప్పలేదు. నా మొహం మీకు అక్కర్లేదు, నా పని చూడండి అనడానికి వాళ్ళకి వేరే దారి దొరకలేదంతే. పని బాగానే చేశారు. మూడు వారాలు కూచున్నారు. హత్యలూ, పశువుల దొంగతనాలూ అన్నీ విన్నారు. ఛీఫ్ జస్టిస్ హోవ్ ఆడవాళ్ళ జ్యూరీని మెచ్చుకున్నాడు. మగవాళ్ళు కోర్టు హాల్లో పొగాకు నమలడం, బల్లలమీద కాళ్ళు బారజాపడం మానేశారని చెప్పుకున్నారు. ఇదంతా చూసి ఆడవాళ్ళని కొనసాగించారా? లేదు. హోవ్ వెళ్ళిపోగానే, వోటు వేరు జ్యూరీ వేరు అని కొత్త జడ్జి వాళ్ళని ఇంటికి పంపేశాడు. వయోమింగ్ ఆడవాళ్ళు మళ్ళీ జ్యూరీలో కూచున్నది 1950లో.

ఇంగ్లండు 1919లో చట్టం మార్చింది. 1920లో బ్రిస్టల్‌లో ఆడవాళ్ళు తొలిసారి జ్యూరీ బల్లలమీద కూచున్నారు. కాని ఒక మెలిక పెట్టారు. జ్యూరీకి ఆస్తి ఉండాలి. ఇల్లు సాధారణంగా మొగుడి పేర ఉంటుంది గనక పెళ్ళయినవాళ్ళు తక్కువ. ఆ మెలిక డెబ్భయ్యో దశకం దాకా విడలేదు. 1960లో, అశ్లీలమని ఒక ఇంగ్లీషు నవల మీద లండన్‌లో పెద్ద కేసు నడిచింది. జ్యూరీలో పన్నెండుమందికి ముగ్గురు ఆడవాళ్ళు. సర్కారు తరపు ప్లీడరు లేచి, ఈ పుస్తకాన్ని మీ భార్యలు గాని నౌకర్లు గాని చదవడం మీకు ఇష్టమేనా అని జ్యూరీని అడిగాడు. ఆ ముగ్గురూ ఎదురుగుండానే కూచుని ఉన్నారు! వాళ్ళ బట్టలు ఎంత గౌరవంగా ఉంటే మాత్రం ఏం లాభం? ఆయన కంటికి ఆనలేదు. కేసు మాత్రం ఆయన ఓడిపోయాడు.

అమెరికా సంగతి మరీ చిత్రం. కొన్ని రాష్ట్రాల్లో పేరుకి ఆడవాళ్ళు జ్యూరీకి అర్హులే, కాని తమంతట తామే కోర్టుకి వెళ్ళి పేరు రాయించుకోవాలి. ఫ్లోరిడాలో ఒక కౌంటీలో సుమారు 46,000 మంది ఆడ వోటర్లుంటే, అలా రాయించుకున్నది 220 మంది. అక్కడ భర్తని చంపిన ఒకావిడకి అందరూ మగవాళ్ళే ఉన్న జ్యూరీ శిక్ష వేసింది. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1961లో కోర్టు, ఆడది ఇంటికీ కుటుంబానికీ కేంద్రం గనక ఈ ఏర్పాటు సబబే అంది. మిసిసిపీ రాష్ట్రం ఆడవాళ్ళని జ్యూరీకి రానిచ్చిందే 1968లో. చివరికి 1975లో సుప్రీంకోర్టు తన మాట తనే దిద్దుకుంది. ఆడదన్న కారణం ఒక్కటే పెట్టుకుని ప్లీడర్లు జ్యూరీలోంచి ఎవరినీ తప్పించకూడదని చెప్పడానికి 1994 దాకా పట్టింది.

ఈ మధ్యలో, మిజోరీ రాష్ట్రంలో ఆడవాళ్ళకి అడిగినవెంటనే జ్యూరీనించి మినహాయింపు ఇవ్వడం తప్పని సుప్రీంకోర్టులో వాదించిన ఆవిడ పేరు రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. 1979లో ఆ కేసు గెలిచింది. మినహాయింపు అంటే మర్యాద కాదు, నీ తీర్పు లేకపోయినా ఫరవాలేదని చెప్పడమే అన్నది ఆ వాదంలోని సారం. వినడానికి చిన్నమాటే. "మీరు కూచోండమ్మా, మేం చూసుకుంటాం" అన్న మాటకి మురిసిపోయే అలవాటున్న మనకి మాత్రం గుచ్చుకునే మాట.

ఆవిడే 1993లో అదే కోర్టులో జడ్జి అయింది. జడ్జీల నల్లగౌను మగవాళ్ళ కోసం కుట్టింది. మెడ దగ్గర చొక్కా, టై కనపడేటట్టు ఉంటుంది. ఆవిడా, అంతకు ముందునించీ జడ్జిగా ఉన్న సాండ్రా డే ఓకానర్ అనే ఆవిడా ఆ ఖాళీలో లేసు కాలరు పెట్టుకోవడం మొదలుపెట్టారు. పోనుపోను గిన్స్‌బర్గ్, తోటి జడ్జీల తీర్పుతో ఏకీభవించని రోజున వేరే కాలరు పెట్టుకుని వచ్చేది. మెడ చూసి మాట పోల్చుకునేవారు జనం. 1870లో మొహం దాచుకుంటే తప్ప పని సాగని చోట, నేను ఆడదాన్నే, అయితే ఏమిటి అని మెడకి కట్టుకుని కూచునే రోజు వచ్చింది.

మనకి జ్యూరీ లేదు గాని ఒకప్పుడు ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి కేసు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నేవీ కమాండరు, పతకాలు మెరిసే తెల్లటి యూనిఫారంలో బోనులో నిలబడ్డాడు. తొమ్మిదిమంది జ్యూరీలో ఎనిమిదిమంది నేరం లేదన్నారు. జడ్జి అది ఒప్పుకోలేక హైకోర్టుకి పంపాడు. అక్కడ యావజ్జీవం పడింది. 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. లా కమిషన్ 1958లోనే జ్యూరీ వద్దంది. పార్శీల పెళ్ళి తగాదాల్లో తప్ప, 1974 నాటికి మన దేశంలో జ్యూరీ కథ ముగిసింది. ఆ ఎనిమిదిమంది మనసుల్ని తెల్ల యూనిఫారం ఎంత కదిలించిందో వాళ్ళకే తెలియాలి. కాని ఆ సంగతి తలుచుకుంటే నాకొకటి తట్టింది. కోర్టులో బట్టల్ని చూసి మోసపోకూడనివాళ్ళు జ్యూరర్లు. వాళ్ళ పని చూడడం, వినడం. మరి ఆడది ఆ కుర్చీలో కూచోగానే, చూసే మనిషిని కాస్తా చూడవలసిన బొమ్మని చేస్తామేం? ఇన్నేళ్ళుగా పత్రికలు చేసిందీ అదే. మొన్న రాత్రి నేను చేసిందీ అదే.

తెల్లవారగానే ఫోను చేశాను. "నిన్న నేనన్నది మరిచిపో. ఆ బొమ్మ నువ్వు ఎలా కనిపిస్తావో చెబుతుంది. నువ్వు ఎంత శ్రద్ధగా వింటావో దానికేం తెలుసు? పొద్దున్నించి సాయంత్రం దాకా కూచున్నా, నీకు నువ్వు గుర్తు రాని బట్ట ఏదో అది వేసుకో. బొట్టు నీ ఇష్టం. నాకోసం పెట్టుకోవద్దు, ప్లీడరు కోసం తియ్యొద్దు" అన్నాను. లారమీ ఆడవాళ్ళ కథ కూడా చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. "ముసుగు ఎవరూ వెయ్యలేదా, వాళ్ళే వేసుకున్నారా?" అని మాత్రం రెండుసార్లు అడిగింది.

కోర్టుకి వెళ్ళి వచ్చిన రోజు రాత్రి మళ్ళీ ఫోను చేసింది. ఎప్పుడూ ఆఫీసుకి వేసుకునే నీలం సల్వార్ కమీజే వేసుకుందట. రోజూ పెట్టుకునే చిన్న బొట్టే పెట్టుకుందట. దాన్ని ఎవరూ తియ్యలేదు. ఆరో కుర్చీ. రేపటినించి విచారణ. కేసేమిటే అన్నాను. "చెప్పకూడదు పిన్నీ, ప్రమాణం చేశాను" అంది. దాని గొంతు అంత బరువుగా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"బట్టలు ఎలా కుదిరాయి?" అన్నాను, ఉండబట్టలేక.

"అన్నీ బాగానే ఉన్నాయి గాని, హాలంతా ఏసీ. వణికి చచ్చాను. ఎనిమిది బొమ్మలు చూశాను, ఒక్కదాన్లోనూ చలి కనపడలేదు పిన్నీ. రేపు అమ్మ ఇచ్చిన శాలువా తీసుకెడతాను" అంది.