హెవీ మెటల్‌కు ఐదు తీగల బేస్ గిటార్

మామూలు బేస్ గిటార్‌కు ఇ, ఎ, డి, జి అని నాలుగు తీగలు. వాటికన్నా మంద్రంగా పలికే బి తీగను చేరిస్తే హెవీ మెటల్‌లో వాడే ఐదు తీగల బేస్ అవుతుంది. 1965లో ఫెండర్ కంపెనీ తెచ్చిన బేస్ ఫైవ్‌కూ తీగలు ఐదే గానీ, అందులో అదనపు తీగ పై స్థాయిది. 1970ల మధ్యలో బేసిస్టు జిమ్మీ జాన్సన్ తన అలెంబిక్ బేస్‌కు మంద్ర బి తీగ వేయించుకున్నాక దారి మారింది.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు వాళ్లు దక్షిణానికి పోయే రైలెక్కితే చేరేది బెంగళూరే. మెటల్ కచేరీకైనా, మంచి బేస్ కొనాలన్నా వాళ్లకు అదే దగ్గరి పెద్ద ఊరు. అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా బృందాలు వాయించాయి. మెయిడెన్ బేసిస్టు స్టీవ్ హ్యారిస్‌ది నాలుగు తీగల ఫెండర్ ప్రెసిషన్ బేస్. మెటాలికా బేసిస్టు రాబర్ట్ ట్రుహియో ఐదు తీగలకు పేరుపడ్డవాడు. అంటే మెటల్‌కు ఐదో తీగ తప్పనిసరేమీ కాదు. మీ బృందంలో గిటార్లు సి, బి శ్రుతులకు దిగుతుంటేనే దానికి డబ్బు పెట్టాలి.

అసలు పరీక్ష బి తీగకే. ఇ తీగ సెకనుకు 41.2 సార్లు కంపిస్తే, బి తీగ దాదాపు 30.9 సార్లే. ధర్మవరం మగ్గం మీది పడుగులాగే దీనికీ బిగువే ప్రాణం. సడలితే వేగంగా కొట్టినప్పుడు స్వరం బురదబురదగా వస్తుంది. స్కేల్ లెంగ్త్, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాల నుంచి 35కు పెరిగితే, అదే తీగకు అదే శ్రుతిలో బిగువు సుమారు 6 శాతం పెరుగుతుంది. బి నుంచి ఎకు దించితే 20 శాతం తగ్గుతుంది, అప్పుడు 0.130 అంగుళాలకన్నా లావు తీగ వేయాలి. దుకాణంలో బి తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి, వెంటనే ఇ తీగను వట్టిగా మీటండి. రెండూ ఒకే స్వరం. మొదటిది మందంగా, మసకగా వినిపిస్తే ఆ బేస్ పక్కన పెట్టేయవచ్చు, దాని మీద ఏ కంపెనీ పేరున్నా సరే.

పికప్‌ల గురించి వాదనలు ఎక్కువ, తేడా అంత కాదు. పట్టీ తగిలించుకుని నిలబడి, చేయి వదిలినా నెక్ కిందికి వాలకుండా ఉందో లేదో చూడటం అంతకన్నా ముఖ్యం. బ్యాటరీతో నడిచే యాక్టివ్ రకమైతే, వాయించాక కేబుల్ ఊడదీయాలి. చాలావాటిలో కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.