హాలాంగ్ బేలో ఒక రోజు బోటు: ఆ రాళ్ళ మధ్య ఇంతకుముందు ఎవరున్నారు?

పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఎనిమిది మందిమి కలిసి వియత్నాం వెళ్తున్నాం. హాలాంగ్ బేలో ఒక రోజుకి బోటు మొత్తం మాకే బుక్ చేసుకున్నాం. వేరే టూరిస్టులు ఉండరు. ఖాళీగా, ప్రశాంతంగా, మేమూ ఆ నీళ్ళూ, అంతే" అన్నాడు. బాగుందిరా, వెళ్ళి రండి అన్నాను. కానీ ఫోన్ పెట్టేశాక ఆ 'ఖాళీగా' అన్న మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే ఆ నీళ్ళు వేల ఏళ్ళుగా ఎప్పుడూ ఖాళీగా లేవు. అక్కడే కాపురం ఉన్న జనాన్ని లేపి ఒడ్డుకి పంపించి ఇంకా చాలా ఏళ్ళు కూడా కాలేదు. సరే, ఈ ఎపిసోడ్ వాడి కోసమే అనుకోండి. మీరూ వినండి.

ముందు ఆ చోటు ఏంటో చూద్దాం. హనోయ్ నుంచి కారులో రెండున్నర గంటలు వెళ్తే ఉత్తర వియత్నాం తీరం వస్తుంది. అక్కడ సముద్రంలోంచి నిటారుగా లేచిన రాతి కొండలు. దాదాపు 1,550 చదరపు కిలోమీటర్ల నీళ్ళలో 1,900కి పైగా దీవులు. అంతా సున్నపురాయే. మన ఇళ్ళల్లో పరిచే తాండూరు బండలు ఉన్నాయి కదా, అదీ సున్నపురాయే. బెలూం గుహలు, బొర్రా గుహలు, అవి కూడా అంతే. వాన నీళ్ళలో కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, అది సున్నపురాయిని నెమ్మదిగా కరిగిస్తూ పోతుంది. అలా కరిగి కరిగి లోయలు, గుహలు, మొనదేలిన కొండలు మిగిలాయి. అదంతా నేల మీద జరిగిన పనే. తర్వాత మంచు యుగం అయిపోయి సముద్రం పైకి వచ్చింది, లోయలు మునిగిపోయాయి. అంటే మీరు బోటులోంచి చూసేవి మునిగిన కొండల తలకాయలు మాత్రమే. 'హా లాంగ్' అంటే దిగివచ్చిన డ్రాగన్ అని అర్థం. శత్రువులు దండెత్తి వస్తుంటే డ్రాగన్ ఆకాశం నుంచి దిగి రత్నాలు ఉమ్మిందని, అవే ఈ దీవులయ్యాయని వాళ్ళ కథ.

ఇక్కడి మనుషుల కథ ఎంత పాతదంటే, ఈ నీళ్ళ అంచున ఉన్న కాట్ బా దీవిలో కాయ్ బేవో అనే చోటు ఉంది. 1938లో మడలేన్ కొలానీ అనే ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త అక్కడ చాలా పాత మత్స్యకారుల నివాసాన్ని గుర్తించారు. రాతి పనిముట్లు, కుండ పెంకులు, చేప ఎముకలు. ఏడు వేల ఏళ్ళ కిందటే అక్కడ చేపలు పట్టుకుని బతికారన్నమాట. ఈరోజు కాట్ బా నుంచి బయల్దేరే టూర్ బోట్లు చాలావరకు దాని పక్కనుంచే పోతాయి. ఎవరూ చూపించరు, అది వేరే సంగతి.

ఇప్పుడు ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది. మన విశాఖలోనో కాకినాడలోనో సముద్రానికి రోజుకి రెండు సార్లు పోటు, రెండు సార్లు ఆటు ఉంటుంది. ఇక్కడ అలా కాదు. రోజుకి ఒకసారి పోటు, ఒకసారి ఆటు. తేడా కొన్ని రోజుల్లో మూడు నాలుగు మీటర్ల దాకా, అంటే ఒక అంతస్తు ఎత్తు. నీళ్ళు గంటల తరబడి పెరుగుతూనే ఉంటాయి, మళ్ళీ గంటల తరబడి తగ్గుతూనే ఉంటాయి. ఆ టైమింగ్ తెలిసినవాడికి అది ఆయుధం, తెలియనివాడికి ఉచ్చు.

1287కి వద్దాం. కుబ్లాయ్ ఖాన్ పంపిన సైన్యం ఈ దేశం మీదికి వచ్చింది, మంగోలులు రావడం ఇది మూడోసారి. అప్పుడు దీని పేరు దాయ్ వియెత్, రాజ్యం ట్రాన్ వంశానిది. కొంత సైన్యం నేల మీద, కొంత నౌకల్లో. యుద్ధ నౌకల నాయకుడు ఒమర్. అవి హాలాంగ్ పక్కనే ఉన్న వాన్ దోన్ మీదుగా వచ్చాయి. వాన్ దోన్ అంటే చిన్న ఊరు అనుకోకండి, 1149 నుంచి విదేశీ వ్యాపారుల ఓడలు ఆగే రేవు అది. దాన్ని కాపాడాల్సిన సేనాని ట్రాన్ ఖాన్ జూ.

ఈయన సంగతి కొంచెం చెప్పుకోవాలి. అంతకుముందే ఒక వ్యవహారంలో చెడ్డపేరు తెచ్చుకుని పదవి, ఆస్తి పోగొట్టుకుని, పడవలో బొగ్గులు అమ్ముకుంటూ బతికాడు. రాజు దారిలో చూసి వెనక్కి పిలిపించాడు. అలాంటి మనిషి వాన్ దోన్‌లో ఒమర్ నౌకల్ని ఆపలేక ఓడిపోయాడు. రాజధాని నుంచి బంధించి తీసుకురమ్మని ఆజ్ఞ వచ్చింది. వచ్చినవాళ్ళతో ఈయన అన్నదేంటంటే, శిక్షకి నేను సిద్ధమే, కానీ రెండు మూడు రోజులు టైమివ్వండి అని. ఎందుకు అడిగాడు? యుద్ధ నౌకలు ముందు వెళ్ళిపోయాయి. వాటి వెనక తిండిగింజల ఓడలు రావాలి కదా! అవి బరువుగా ఉంటాయి, నెమ్మదిగా నడుస్తాయి. ఒమర్ మాత్రం దారి క్లియర్ అయిపోయిందనుకుని వాటికి కాపలా లేకుండా ముందుకు పోయాడు. ఖాన్ జూ మిగిలిన మనుషుల్ని కూడగట్టి, ఆ దీవుల మధ్య కాచుకుని, ధాన్యం ఓడల మీద పడ్డాడు. ఆ ధాన్యం మంగోలు సైన్యానికి చేరనే లేదు.

మహావీరుడు అనుకుంటున్నారా? ఆగండి. ఇదే ఖాన్ జూ మీద వాళ్ళ పాత చరిత్ర గ్రంథంలోనే ఇంకో కథ ఉంది. వాన్ దోన్ జనం చైనా బట్టలు వేసుకుంటే శత్రువెవరో మనవాడెవరో తెలియడం లేదని, ఫలానా ఊళ్ళో అల్లిన టోపీలే పెట్టుకోవాలని రూల్ పెట్టాడు. ఆ టోపీలన్నీ ముందే తన మనుషులతో కొనిపించేశాడు! ఒక్క టోపీకి ఒక తాను గుడ్డ రేటు పలికిందట. చరిత్రలో మనుషులు ఇలాగే ఉంటారండి, మనం పోస్టర్‌లో వేసుకున్నట్టు ఉండరు.

సరే, తిండి లేని సైన్యం ఏం చేస్తుంది? రాజధాని తాంగ్ లాంగ్‌ని, అంటే ఇప్పటి హనోయ్‌ని పట్టుకుంది కానీ లోపల ఏమీ దొరకలేదు. వెనక్కి తిరిగారు. ఒమర్ నౌకలు హాలాంగ్‌కి పడమటి పక్కన సముద్రంలో కలిసే బాక్ దాంగ్ నది గుండా బయటపడాలి. 1288 ఏప్రిల్ 9. సర్వసేనాని ట్రాన్ హుంగ్ దావో నది అడుగున గట్టి చెక్క గుంజలు పాతించి ఉంచాడు. పోటు మీద ఉన్నప్పుడు అవి కనిపించవు. చిన్న పడవలు ఎదురొచ్చి, కాసేపు పోరాడి, పారిపోతున్నట్టు వెనక్కి తగ్గాయి. పెద్ద నౌకలు వెంటపడ్డాయి. అప్పుడు ఆటు మొదలైంది. ఇందాక చెప్పాను కదా, అక్కడ తగ్గడం మొదలైతే గంటల తరబడి తగ్గుతూనే ఉంటుందని. నౌకలు గుంజల మీద కూర్చున్నాయి. ఒమర్ ప్రాణాలతో దొరికాడు. 350 ఏళ్ళ ముందు, 938లో, ఇదే నదిలో ఇదే పద్ధతిలో ఙో క్వియెన్ అనే నాయకుడు దక్షిణ చైనా నుంచి వచ్చిన నౌకల్ని దెబ్బకొట్టాడు. అంటే మంగోలులకి ముందే ఉదాహరణ ఉంది, చదువుకోలేదు అంతే.

ఇది కథ కాదా అంటే, ఆ గుంజలు దొరికాయి. 2019లో హైఫాంగ్ దగ్గర కావ్ క్వీ అనే చోట వక్కతోటలో తవ్వుతుంటే ఇంకొన్ని బయటపడ్డాయి. హాలాంగ్‌లో టూరిస్టులకి చూపించే 'దావు గో' గుహ పేరుకి అర్థమే చెక్క గుంజల గుహ. గుంజలు అక్కడ దాచారని జనం చెప్పుకుంటారు. వియత్నాం భాషలో 'నుఒక్' అంటే నీళ్ళు. దేశం అన్నా అదే మాట.

ఇక్కణ్ణుంచి కొంచెం స్పీడుగా వెళ్దాం. 1880లలో ఫ్రెంచివాళ్ళు వచ్చారు. వాళ్ళకి ఈ ఒడ్డున బొగ్గు కనిపించింది. 1888లో హోన్ గాయ్ దగ్గర గనుల కంపెనీ పెట్టారు. మన ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైంది కూడా 1889లోనే, చూడండి. సింగరేణి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. 1936 నవంబర్ 12న అక్కడి గని కార్మికులు కామ్ ఫాలో మొదలుపెట్టిన సమ్మె వేలమందితో గనులన్నిటికీ పాకింది. ఇప్పటికీ ఆ తేదీని అక్కడ గని కార్మికుల రోజుగా జరుపుకుంటారు. బోటు డెక్ మీద నిలబడి ఫొటో తీసుకుంటుంటే వెనక బొగ్గు బార్జీ పోతుంటుంది, ఫ్రేమ్‌లోంచి తీసేయకండి.

ప్రైవేట్ బోట్ అన్నాడు కదా మావాడు. ఈ నీళ్ళలో జరిగిన అన్నిటికంటే ప్రైవేట్ ప్రయాణాలు ఏంటో తెలుసా? 1946 మార్చి 24న హో చి మిన్, ఫ్రెంచ్ అడ్మిరల్ దార్జాన్లియూ ఇక్కడే ఒక ఫ్రెంచ్ యుద్ధనౌక మీద కలిశారు. ఆయన కళ్ళముందే ఫ్రెంచ్ నౌకలు వరసగా తిరిగాయి. మర్యాద కోసమా, భయపెట్టడానికా అన్నది మీరే ఊహించుకోండి. 1948 జూన్ 5న మళ్ళీ ఇక్కడే, మళ్ళీ యుద్ధనౌక మీదే, మాజీ చక్రవర్తి బావో దాయ్ ఎదుట ఒక ఒప్పందం సంతకమైంది. వియత్నాంకి స్వాతంత్ర్యం ఒప్పుకున్నామని కాగితం మీద ఉంది, సైన్యమూ విదేశాంగమూ మాత్రం ఫ్రాన్స్ చేతిలోనే ఉన్నాయి. యుద్ధం ఆగలేదు.

టూర్ బోట్లు చాలా ఆగే దీవి టీ టాప్. బీచ్ ఉంటుంది, నాలుగొందల మెట్లెక్కితే పైనుంచి మొత్తం వ్యూ. ఆ పేరు రష్యా వ్యోమగామి గెర్మన్ టిటోవ్‌ది. 1962లో ఆయన ఇక్కడికొస్తే హో చి మిన్ ఆ దీవికి ఆయన పేరు పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1964 ఆగస్ట్ 5న, అమెరికా విమానాలు ఇదే హోన్ గాయ్ రేవు మీద బాంబులు వేశాయి. అందులో ఒక విమానం కూలింది. పైలట్ ఎవరెట్ అల్వారెజ్ ఈ నీళ్ళలోనే పట్టుబడ్డాడు. ఎనిమిదేళ్ళు పైనే జైల్లో ఉన్నాడు. 1972లో అమెరికా ఇక్కడి రేవుల్లో మైన్లు వేసింది, 1973లో మళ్ళీ వాళ్ళే వచ్చి తీశారు. 1978, 79లో చైనాతో సంబంధాలు చెడినప్పుడు ఈ తీరంలో తరతరాలుగా ఉన్న చైనా మూలాల జాలర్లు చాలామంది పడవలెక్కి వెళ్ళిపోయారు.

అయినా ఒక రకం జనం మాత్రం కదల్లేదు. కువా వాన్, వుంగ్ వియెంగ్, బా హాంగ్ లాంటి తేలే ఊళ్ళు. కొండల మధ్య గాలి తగలని మూలల్లో డ్రమ్ముల మీద కట్టిన చెక్క ఇళ్ళు, పడవలే సందులు, నీళ్ళ మీదే బడి. చేపలు పట్టడం, గూళ్ళలో పెంచడం. కుక్కలు కూడా తెప్పల మీదే పెరిగాయి. 1994లో యునెస్కో హాలాంగ్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అందం కోసం. 2000లో మళ్ళీ, రాళ్ళ చరిత్ర కోసం. 2023లో కాట్ బాని కూడా కలిపారు. అందం, రాళ్ళు. నీళ్ళ మీది మనుషులు ఆ లెక్కలో లేరు.

2014లో ప్రభుత్వం మూడొందలకి పైగా కుటుంబాల్ని ఆ ఊళ్ళ నుంచి హాలాంగ్ నగరంలో కట్టిన కాలనీకి తరలించింది. కారణాలు తప్పు అని నేననను. తుఫాన్లలో ప్రాణాలు పోతాయి, పిల్లల చదువు సరిగా సాగదు, చెత్త నీళ్ళలోకే పోతుంది. 2024 సెప్టెంబర్‌లో యాగీ తుఫాను ఆ తీరాన్ని ఎలా కొట్టిందో చూశాం. 2025 జులై 19న ఉన్నట్టుండి వచ్చిన గాలివానకి టూరిస్ట్ బోటు తిరగబడి 35 మందికి పైగా చనిపోయారు. అందుకే లైఫ్ జాకెట్ ఫొటో కోసం విప్పకండి. కానీ నాకు మింగుడుపడనిది ఒకటుంది. చెత్త వేస్తున్నారని ఊళ్ళని లేపారు సరే, రోజూ వేలమందిని మోసుకొచ్చే బోట్ల సంగతేంటి? పైగా పట్టా ఇచ్చిన ఇంటి దగ్గర చేప లేదు, వల వేయడం తప్ప వేరే పని రాదు. అందుకే చాలామంది పొద్దున్నే పాత చోటుకే తిరిగొస్తారు. వెదురు పడవలో టూరిస్టుల్ని కూర్చోబెట్టి తెడ్డు వేస్తారు. సాయంత్రం ఒడ్డుకి వెళ్ళిపోతారు.

ఇదంతా మావాడికి ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా బోటు టీ టాప్ రూటులో పోతుందన్నా, మార్చమంటే మారుస్తారా?" అన్నాడు. ప్రైవేట్ బోటైనా ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు, రూట్లు ప్రభుత్వం గీసినవే, కానీ కువా వాన్ మీదుగా పోయే రూటు కూడా ఉంది, ముందే అడుగు అన్నాను. నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. అడిగాడట, మారుస్తామన్నారట. తెడ్డు వేసే ఆవిడని వాళ్ళ ఇల్లు ఎక్కడుండేదో చూపించమంటాను అన్నాడు. వాళ్ళ భాష రాదు కదరా అంటే, "ఇల్లుని 'న్యా' అంటారన్నా, నేర్చుకున్నా" అన్నాడు.