తీసేసిన పేరు, పట్టిచ్చిన పేరు

పేరులో ఏముందని తేలిగ్గా అనేసేవాళ్లను మేం చాలామందిని చూశాం. వాళ్ల పేరు ఏనాడూ వాళ్లకు అడ్డుపడలేదు. మా సంగతి వేరు. అద్దె ఇంటికోసం ఫోన్ చేస్తే అడ్వాన్సు దాకా మాట సాఫీగానే నడుస్తుంది. పేరు చెప్పగానే "అయ్యో, పొద్దున్నే ఎవరికో ఇచ్చేశామండీ" అంటారు. మనిషిని చూడకముందే మా పేరు మా మీద చాడీ చెప్పేసి ఉంటుంది.

ఈ అవమానం మా ఒక్కళ్లదే అనుకునేవాళ్లం. అమెరికాలో ఒక నల్లజాతి ప్రొఫెసర్ చరిత్ర చదివాక ఆ భ్రమ పోయింది. ఆమె లటాన్యా స్వీనీ. టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో పుట్టింది. కంప్యూటర్లలోకి ఎక్కిన మనుషుల వివరాలు ఎవరి చేతుల్లోకి పోతున్నాయి, వాటితో ఎవరికి ఏ హాని జరుగుతోంది అన్నదే ఆమె చదువు, ఆమె ఉద్యోగం, ఆమె పోరాటం.

1990ల మధ్యలో మసాచుసెట్స్ ప్రభుత్వ బీమా సంస్థ ఒకటి తన ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు కలిపి సుమారు 1,35,000 మంది వైద్య రికార్డులను పరిశోధకులకు ఇచ్చింది. పేర్లు తీసేశాం, చిరునామాలు తీసేశాం, భయం లేదంది. గవర్నర్ విలియం వెల్డ్ కూడా ఆ భరోసా ఇచ్చాడు. అప్పటికి స్వీనీ ఎమ్ఐటీలో విద్యార్థిని. వెల్డ్ ఉండే కేంబ్రిడ్జి ఊరి ఓటర్ల జాబితాను 20 డాలర్లు పెట్టి కొన్నది. దాన్ని ఆ రికార్డుల పక్కన పెట్టి చూసింది. వెల్డ్ పుట్టినరోజే పుట్టినవాళ్లు ఆరుగురు. అందులో మగవాళ్లు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఆయనొక్కడే. ఇంకేముంది! పేరు లేని కాగితాల్లోంచి సాక్షాత్తూ గవర్నర్ జబ్బుల చిట్టా బయటపడింది.

అక్కడితో ఆగలేదు. పుట్టినతేదీ, ఆడా మగా, ఐదంకెల జిప్ కోడ్, ఈ మూడూ తెలిస్తే చాలు, అమెరికన్లలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని 2000లో లెక్కతేల్చింది. 1990 జనాభా లెక్కల మీద వేసిన అంచనా అది. వైద్య వివరాల గోప్యతకు అమెరికా తెచ్చిన నిబంధనల్లో ఆమె పని ప్రస్తావనకొచ్చింది. 2001లో ఎమ్ఐటీ నుంచి కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ తీసుకున్న తొలి నల్లజాతి మహిళ అయింది. 2002లో 'కె అనామకత' అనే పద్ధతిని వివరిస్తూ వ్యాసం రాసింది. జాబితాలో ఏ ఒక్కరి వివరాలైనా మరి కొందరి వివరాలతో కలిసిపోయేటట్టు ఉంచాలన్నదే దాని సారం. జాతరలో జనంలో కలిసిపోగలగడం కూడా మనిషికి ఒక రక్షణే కదా!

అంత పెద్ద ప్రొఫెసరునీ పేరు వదల్లేదు. హార్వర్డ్‌లో ఉండగా ఒకరోజు తన పాత వ్యాసం ఒకటి దొరుకుతుందేమోనని గూగుల్లో తన పేరు కొట్టింది. పక్కనే ఒక ప్రకటన. లటాన్యా స్వీనీ అరెస్టయిందా అని అడుగుతోంది! ఆమె జీవితంలో అరెస్టన్నదే లేదు.

ఇలాంటప్పుడు మేమేం చేస్తాం? కుమిలిపోతాం. లేదా కవిత రాస్తాం. ఆమె లెక్కకు కూచుంది. 2,184 పేర్లు తీసుకుని రెండు వెబ్‌సైట్లలో వెతికించింది. 2013లో ఫలితం అచ్చయింది. డిషాన్, డార్నెల్, జెర్మైన్ లాంటి నల్లవాళ్ల పేర్లు కొడితే, ఒక సైటులో నూటికి 81 నుంచి 86 సార్లు అరెస్టు ప్రకటనలు. జెఫ్రీ, జిల్, ఎమ్మా అని కొడితే అదే సైటులో 23 నుంచి 29. నిజంగా కేసు ఉందా లేదా అన్నదానితో పనే లేదు.

నేరం ఎవరిది? ప్రకటన ఇచ్చినవాడిదా, చూపిన గూగుల్‌దా, దాన్ని నొక్కే జనానిదా? ఆమె అధ్యయనం అది తేల్చలేదు. తేల్చినట్టు నటించనూ లేదు. జనం ఎక్కువగా నొక్కిన ప్రకటననే యంత్రం మళ్లీ మళ్లీ చూపుతుంది. నల్లపేరు పక్కన 'అరెస్టు' అన్న మాటనే లోకం ఎక్కువగా నొక్కితే, యంత్రం ఆ పాఠమే నేర్చుకుంటుంది. ఇల్లు లేదన్న యజమాని మనసులో ఉన్నదే అక్కడ అద్దంలో కనపడుతుంది. 2014లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఆమె చీఫ్ టెక్నాలజిస్టు అయింది. గాయపడిన మనిషే కాపలా కుర్చీలో కూచుంది.

మన దేశంలోనూ 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సంతోషమే. కానీ హక్కు కాగితం మీద ఉంటే చాలదు. ఎక్కడ, ఎవరికి, ఎన్నిసార్లు అది దక్కలేదో లెక్క రాసేవాళ్లు కావాలి. మా గాయాన్ని మేం పాడుకున్నాం, రాసుకున్నాం. అది తప్పు కాదు, అది మా ఊపిరి. అయితే "అదంతా మీ ఊహ" అని కొట్టిపారేసేవాడి ముందు పాట ఒక్కటే సరిపోదు. ఎన్ని ఫోన్లు చేశాం, ఎన్నిసార్లు పేరు దగ్గర మాట ఆగిపోయింది? ఆ లెక్క ఇంతవరకూ మేమూ రాసుకోలేదు. ఇక రాయాలి.