గుండ్లకమ్మ ఒడ్డు నుండి మాదాపూరు గది వరకు



శ్రమదినములు వచ్చినప్పుడెల్ల మేము ఒక శుక్రవారమైనా హైదరాబాదు వెళ్లి వస్తుంటాము. మా సంఘపు పిల్లలు సగంమంది ఇప్పుడు ఊళ్లో లేరు. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి చుట్టూ హాస్టళ్లలోను, అద్దె గదుల్లోను ఉన్నారు. కొందరు కంప్యూటరు ముందు కూర్చునేవారు, కొందరు ఆ కంప్యూటర్లున్న మేడలకు కాపలా కాసేవారు, కొందరు ఆ మేడలు ఊడ్చేవారు, మరికొందరు క్యాబులు నడిపేవారు. ఊళ్లో గుడిలో ఒకే చాప మీద కూర్చున్నవారే. అక్కడ ఒకే గేటు దగ్గర వేర్వేరు కార్డులు చూపించి లోపలికి పోతారు.

2025 లెంటులో వెళ్లినప్పుడు ఒక గదిలో తొమ్మిదిమందిమి కూడుకున్నాము. ఆ సంవత్సరము రంజాను ఉపవాసములు, మన భస్మ బుధవారము రెండు మూడు రోజుల తేడాతో మొదలయ్యాయి. కాపలా పని చేసే మా తమ్ముడు ఒకడు సంతోషముగా ఒక సంగతి చెప్పాడు. తనతోపాటు డ్యూటీలో ఉండే సాయబు సాయంత్రము ఇఫ్తారుకు పోతే వీడు గేటు చూస్తాడట, శుక్రవారము వీడు ప్రార్థనకు వస్తే ఆయన చూస్తాడట. మేము వెంటనే స్తోత్రము చెప్పాము. మెల్లగా చెప్పాము. ఎందుకంటే ఇంటి యజమాని కింది వాటాలోనే ఉంటాడు. "మీ పాటలు మీ ఊళ్లో పెట్టుకోండి, ఇంకొకసారి వినిపిస్తే గది ఖాళీ చేయాలి" అని ముందు వారమే చెప్పి ఉన్నాడు. కాబట్టి ఆ రాత్రి సిలువ పాటలు పెదవులతోనే పాడుకున్నాము. కంజర లేదు, చప్పట్లు లేవు. పక్క గదిలో కుక్కరు విజిల్ వేస్తుంటే మా పాటకన్నా అదే గట్టిగా వినబడింది.

ప్రార్థన అయిన తరువాత హౌస్ కీపింగ్ పని చేసే మా చెల్లెమ్మ ఒకామె అడిగింది: "అయ్యగారూ, మన పెద్దోళ్లు మొదట ప్రభువును నమ్ముకున్నప్పుడు ఇంతకంటే కష్టాలు పడ్డారంటారు గదా. వాళ్లు ఎట్టా నిలబడ్డారు?"

బస్సుకు టైమైపోయినందున ఆ రాత్రి రెండు మాటల్లో ఏదో చెప్పి వచ్చేశాము. సరిగా చెప్పలేదని మనస్సులో బాధ ఉండిపోయింది. ఆమె కొరకు, ఆమెవంటివారి కొరకు ఇది వ్రాస్తున్నాము.

మా ప్రాంతపు సంఘముల కథ ఒంగోలు కొండ మీద మొదలవుతుందని అందరికీ తెలుసు. అమెరికా బాప్తిస్టులు 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టి, 1840లో నెల్లూరు చేరి, ఏళ్ల తరబడి ఫలము కానక, 1853లో ఆ పని మూసివేద్దామా అన్నంత వరకు వచ్చారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దొరగారు, దొరసానిగారు, జూలియా మొదలైన కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి ప్రార్థించారు. ఇప్పుడు దానిని ప్రార్థన కొండ అంటున్నాము. అయితే కొండ మీది ప్రార్థన గురించి మనము వందసార్లు ప్రసంగించాము గాని, కొండ కింద మాదిగపల్లెల్లో జరిగినదాని గురించి తక్కువ చెప్పాము. ఆ చెల్లెమ్మ అడిగినది దాని గురించే.

1866లో యెర్రగుంట్ల పేరయ్య అను చర్మముల వ్యాపారి బాప్తిస్మము పొందాడు. ఊరూరు తిరిగి తోళ్లు కొనే మనిషి. అంతకు ముందే యోగమార్గములో గురువులను ఆశ్రయించి సత్యము వెదికినవాడు. ఆయన భార్య నాగమ్మ కూడ ఆయనతోపాటే వచ్చింది. అదే సంవత్సరము క్లౌ దొరగారు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడింది. అదే నెలలో పేరయ్య ఊరైన తాళ్లకొండపాడు దగ్గర చింతతోపులో కూటములు పెడితే 28మంది బాప్తిస్మము పొందారు.

క్లౌ దొరగారు వారికి చెప్పిన నియమములు మూడే. ఆదివారము పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసము తినవద్దు, విగ్రహములకు మ్రొక్కవద్దు. ఈ రోజు చదివితే ఇవి చిన్న సంగతులుగా తోచును. కాని ఆనాటి పల్లె ఎలా నడిచేదో తెలిసినవారికి వీటి బరువు తెలుస్తుంది.

మాదిగవాడు ఊరికి చెప్పులు, మోట కొట్టే తోలు బానలు, కాడికట్టు తాళ్లు ఇవ్వాలి. జాతరకు, చావుకు డప్పు కొట్టాలి. ఊళ్లో గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి. ఆ మాంసము అతని వాటా, ఆ తోలు తిరిగి ఊరికి బానగా రావాలి. దీనికి కూలి అంటూ రోజువారీ లెక్క ఉండదు. కళ్లములో గింజలు కొలిచినప్పుడు ఇచ్చినంత పుచ్చుకోవాలి. ఇప్పుడు అతడు విగ్రహారాధన మానినాడంటే డప్పు ఆగిపోయింది. డప్పు లేకపోతే ఊరి జాతర ఆగిపోయింది. ఆదివారము పనికి రాకపోతే మోట ఆగి రైతు పైరు ఎండిపోయింది. కాబట్టి ఊరికి వచ్చిన కోపము ఒక్క మతకోపము కాదు. దేవత కోపిస్తుందని భయము కొంత, పని మనిషి చేయి జారిపోతున్నాడన్న కోపము ఎక్కువ. ఇది మా అభిప్రాయము. పల్లెల్లో ఇరవై ఏండ్లుగా సేవ చేస్తూ చూస్తున్నదానిని బట్టి చెప్తున్నాము.

కోపము వచ్చిన ఊరు ఏమి చేసింది? కరణము, మునసబు ఒకటయ్యారు. బావి నీళ్లు ముట్టకూడదన్నారు. చాకలి బట్టలు ఉతకకూడదు, కుమ్మరి కుండ అమ్మకూడదు, బజారులోకి అడుగు పెట్టకూడదన్నారు. కొట్టిన చోట్ల కొట్టారు, వెట్టికి పట్టుకుపోయారు. కుండ దొరకకపోతే గంజి దేనిలో కాచుకోవాలి? మన పెద్దల శ్రమ ఇటువంటి చోట ఉండినది, ప్రియులారా. కేవలము పుస్తకములోని హతసాక్షుల కథ కాదు.

దొరగారి ఇంటి ముందు కూడ ఒక పరీక్ష వచ్చింది. మొదట ఒంగోలులోని పెద్ద కులములవారు ఆయన పట్ల మర్యాదగా ఉండి, తమ పిల్లలను ఆయన బడికి పంపారు. మాదిగలను చేర్చుకున్నాడని తెలిసేసరికి పిల్లలను తీసుకుపోయారు. ఎవరిని పట్టుకోవాలో, ఎవరిని విడవాలో తెలియని ఆ దినములలో ఆయన, దొరసానిగారు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయము 26వ వచనము నుండి ఉన్న భాగమే దొరికిందని ఆయన వ్రాసుకున్నారు. లోకములో బలహీనులను, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనుట గురించిన భాగము అది. ఆ తరువాత ఆయన వెనక్కి చూడలేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అమెరికా బాప్తిస్టుల సంఘములలో లెంటు ఆచారము అంతగా ఉండేది కాదు. భస్మ బుధవారము, నలుబది దినముల వరుస మనకు ఎక్కువగా గుంటూరు లూథరన్ల నుండి, బందరు, దోర్నకల్లు ఆంగ్లికన్ల నుండి వచ్చాయి. మా తాతగారికి మంచి శుక్రవారము తెలుసు గాని భస్మ బుధవారము తెలియదు. అయినా ఆ తరమువారు ఉపవాసము ఎరుగరని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. ధాత, ఈశ్వర సంవత్సరముల కరువు వారికి రెండేండ్ల లెంటు అయింది.

అది 1876 నుండి 78 వరకు. వానలు తప్పిపోయి మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణములు పోయాయి. కరువు పనిగా ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నది. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నారు. కారణమేమంటే ఇతరుల పనిస్థలాల్లో మన మాదిగ కూలీలను అధికారులు, మేస్త్రీలు కొట్టడము, కూలి కోయడము జరుగుతున్నది. తన ముక్కలో బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పగలు తట్ట, పార. మధ్యాహ్నము చెట్టు నీడలో ప్రభువు మాట. ప్రయాసపడి భారము మోయుచున్నవారిని ప్రభువు పిలిచిన సంగతే వారు మరల మరల చెప్పేవారట. మట్టితట్ట దించుకొని కూర్చున్నవానికి ఆ మాటకు వేరే వ్యాఖ్యానము కావాలా?

అయితే అన్నిటికంటె మాకు ఆశ్చర్యము కలిగించేది ఇంకొకటి. ఆ కరువు కాలమంతా ఆయన ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. వేలమంది అడిగారు. ఇవ్వనన్నారు. కూలి కొరకు, గింజల కొరకు వచ్చారన్న మాట రాకూడదని. కరువు తీరి, పంచిపెట్టే సొమ్ము ఇక లేదని అందరికీ తెలిసిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222మందికి బాప్తిస్మము ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలసిన జత గట్టెక్కితే ఇంకొక జత దిగుతూ ఇచ్చారు. పాలపొడికి, గోధుమనూకకు మతము మారారని మనలను ఇప్పటికీ ఎగతాళి చేసేవారున్నారు. వారితో వాదము పెట్టుకోమని మేము చెప్పము. కాని మన పిల్లలకు ఈ తారీకు తెలిసి ఉండాలి.

తెలంగాణ వైపు మెదకులో కూడ ఇటువంటి జ్ఞాపకమున్నది. పోస్నెట్ దొరగారు కరువులో ఆకలిగొన్నవారికి ఊరక పెట్టక పని చూపి అన్నము పెట్టుటకే ఆ పెద్ద గుడి కట్టించారని అక్కడివారు చెప్పుకుంటారు. 1914లో మొదలై 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠ జరిగింది. చూడనివారు ఒకసారి చూడండి.

ఇక మాదాపూరు సంగతి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు చుట్టూ బండలు, తుప్పలు. ఆ బండలు పగులగొట్టి ఇన్ని మేడలు లేపిన చేతులు ఎక్కువగా పాలమూరు కూలీలవి, వడ్డెరలవి, తరువాత ఒడిశా, బీహారు, జార్ఖండ్ వారివి. కాలువ తవ్విన మన పెద్దల వంటి చేతులే. మేడ పూర్తయ్యాక వారు లోపలికి పోవడానికి కార్డు ఉండదు.

2020 లెంటు ఆ దారిలో ఎవరూ మరచిపోలేరు. ఫిబ్రవరి 26న భస్మ బుధవారము. నాలుగు వారములు కూడ పూర్తికాక మునుపే మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. అదే రోజు హాస్టళ్లు మూస్తామన్నారని వేలమంది పిల్లలు పోలీసు స్టేషన్ల దగ్గర పత్రాలు తీసుకొని బండ్ల మీద, కార్లలో ఆంధ్రకు బయలుదేరి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. వారిలో మా సంఘపు పిల్లలు నలుగురు. రాత్రి వరకు ఫోను చేస్తూనే ఉన్నాము. ఊళ్లోకి రావద్దని మా ఊరివారే దారికి ముళ్లకంప అడ్డము వేశారు, అందులో విశ్వాసులు కూడ ఉన్నారు. బావి ముట్టనివ్వని ఊరి కథ పిల్లలకు చెప్పే మనమే ఆ కంప వేశాము. ఏప్రిల్ 5 మట్టల ఆదివారము, గుడి తలుపు మూసి ఉన్నది. ఆ రాత్రే తొమ్మిది గంటలకు దేశమంతా దీపములు వెలిగించారు. మేము కూడ ఒక కొవ్వొత్తి వెలిగించి, ఆ నలుగురి పేర్లు చెప్పి ప్రార్థించాము.

ఇంకొక శ్రమ ఉన్నది. దానికి చప్పుడు లేదు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లిములను చేర్చలేదు. మన రెండు రాష్ట్రములలో క్రైస్తవుడైన దళితుడు బీసీ-సీ. దాని వాటా ఒక శాతము. సుప్రీంకోర్టులో వ్యాజ్యము 2004 నుండి నడుస్తున్నది. అందువలన మన పిల్లల్లో చాలామందికి సంఘ రిజిస్టరులో ఒక పేరు, కాగితము మీద ఇంకొక పేరు. చాలా ఏండ్ల క్రితము ఒక పిల్లవాడు మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, సర్టిఫికెట్టులో ఏమని రాయించుకోను?" అని అడిగితే, పేతురు ఎరుగనన్న సంగతి జ్ఞాపకము చేసి పంపించాము. వాడు బీసీ-సీ అని వ్రాయించుకున్నాడు. సీటు రాలేదు. ఇప్పుడు గచ్చిబౌలిలో క్యాబు నడుపుతున్నాడు. మమ్మల్ని బస్టాండు నుండి ఎక్కించుకొని వచ్చేది వాడే, డబ్బు పుచ్చుకోడు. మేము చెప్పినది వాక్యానుసారమే కావచ్చు. కాని ఆ భారము మేము మోయలేదు, వాడు మోశాడు. ఈనాడు వేరొకడు అదే ప్రశ్న అడిగితే మేము అంత త్వరగా జవాబు చెప్పము.

ఆ గదిలోని పిల్లలు ఈ లెంటంతా ఒక పని చేశారు. వంట చేసేటప్పుడు మన అమ్మలు ఊళ్లో తీసిపెట్టినట్లు పిడికెడు బియ్యము ప్లాస్టిక్ డబ్బాలో వేస్తూ వచ్చారు. మంచి శుక్రవారము నాటికి ఏడు కిలోల పైన అయ్యాయి. వీధి చివర కట్టుబడి జరిగే చోట రేకుల షెడ్డులో పాలమూరు నుండి వచ్చిన కుటుంబము ఉంటే, మేమందరము వెళ్లి ఇచ్చాము. ఆ తల్లి సంచి పుచ్చుకొని, కొంచెము అనుమానముగా చూసి, "మరి మేము మీ పాటలకు రావాల్నా సారూ?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా, పొయ్యి వెలిగించుకోండి" అన్నాము.