పాలు, పుల్లరి, పగ

పోయిన వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థి ఒకడు ఇంటికొచ్చాడు. ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. చేతిలో ఫోను, ఫోనులో ఒక ఇంగ్లీషు నవల. పెద్దవాళ్ల కోసం రాసిందట; చీకటీ నెత్తురూ దండిగా ఉన్నాయి. కథ వాడే చెప్పాడు. కొందరు ప్రాణస్నేహితులు. వాళ్లకు మానవాతీత శక్తులు వస్తాయి. ఒకణ్ణి మిగిలినవాళ్లు మోసం చేసి చావుకు వదిలేస్తారు. వాడు చావడు. అంతకు మించిన శక్తితో తిరిగొచ్చి ఒక్కొక్కణ్ణీ వెదికి చంపుతాడు. చెప్పడం అయ్యాక వాడడిగాడు: "మన తెలుగులో ఇట్టాంటివి ఎందుకు లేవు సార్?"

"నువ్వు పుట్టిన నేల మీదే రెండున్నాయిరా అబ్బయ్యా" అన్నాను. ఒకటి పెన్న ఒడ్డున కూర్చుని ఒక మంత్రి రాసింది. రెండోది కొమ్ము ఊదుకుంటూ ఊరూరా తిరిగినవాళ్లు పాడింది. రెండూ పదమూడో శతాబ్దపు నెల్లూరుకు చెందినవే. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చదివిన విమర్శకులు మనలో తక్కువ. మొదటిది శిష్ట సాహిత్యమని ఒక బీరువాలో, రెండోది జానపదమని మరో బీరువాలో పెట్టి తాళం వేశాం.

మొదట ద్రోణుడి కథ. ద్రోణుడు, ద్రుపదుడు ఒకే గురువు దగ్గర చదువుకున్నారు. నేను రాజునయ్యాక నా రాజ్యం నీదీ అని ద్రుపదుడు చిన్ననాడు మాటిచ్చాడు. చదువయ్యాక ఒకడు సింహాసనం ఎక్కాడు, ఇంకొకడు పేదరికంలో పడ్డాడు. పాల కోసం ఏడ్చే కొడుకును చూడలేక ద్రోణుడు పాత స్నేహితుడి గడప తొక్కాడు. సమానులు కానివాళ్ల మధ్య స్నేహమేమిటని ద్రుపదుడు సభలో తీసిపారేశాడు. ఆంధ్ర భారతంలో ఇది నన్నయ రాసిన ఆదిపర్వంలోది. నేను ఏటేటా ఏదో ఒక తరగతిలో ఈ కథ చెబుతాను. అస్త్రాల ముచ్చట వచ్చినప్పుడు పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుంటారు. పాల ముచ్చట దగ్గర కిటికీలోంచి బయటికి చూస్తారు. తప్పు పిల్లలది కాదు. మనమే ఆ కథను అస్త్రాల కథగా చెబుతూ వచ్చాం.

వరస గమనించాలి. ద్రోణుడు పరశురాముడి దగ్గరికి వెళ్లింది ధనం కోసం. అప్పటికి ఆయన దగ్గర మిగిలింది అస్త్రాలే కాబట్టి అవే తెచ్చుకున్నాడు. అంటే ఆవు దొరకనివాడికి ఆయుధం దొరికింది. ఆ ఆయుధాన్ని కూడా తన చేత్తో ద్రుపదుడి మీద వాడలేదు. రాజకుమారులకు చదువు చెప్పి, వాళ్లను గురుదక్షిణగా ద్రుపదుణ్ణి కట్టి తెమ్మన్నాడు. బడిపంతులుగా ఈ ఘట్టం నన్ను ఇబ్బంది పెడుతుంది. తన అవమానాన్ని శిష్యుల చేతులతో తీర్చుకున్న గురువు, ఏకలవ్యుడి బొటనవేలు అడిగిన గురువు ఒక్కడే. సరే, అది వేరే వ్యాసం. ద్రుపదుడి రాజ్యంలో సగం ద్రోణుడు తీసుకున్నాడు. మళ్లీ స్నేహితులమే అన్నాడు. ఇప్పుడు ఇద్దరూ సమానులే మరి! ద్రుపదుడు యజ్ఞం చేసి ద్రోణుణ్ణి చంపే కొడుకును నిప్పులోంచి పుట్టించుకున్నాడు.

ఇక్కడి నుంచి కథ నెల్లూరుకు వస్తుంది. విరాటపర్వం మొదలు చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన, నెల్లూరు నేలిన తెలుగు చోడ ప్రభువు మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రి, కవి. ఆదిపర్వంలో పెట్టిన అప్పు వడ్డీతో సహా వసూలయ్యేది తిక్కన పర్వాల్లోనే. ఏనుగు పేరుతో చెప్పిన అబద్ధం విని ద్రోణుడు ఆయుధం వదిలేశాడు. ఆ స్థితిలో ఉన్నవాడి తల ద్రుపదుడి కొడుకు నరికాడు. తండ్రి చావుకు ఉడికిపోయిన అశ్వత్థామ నారాయణాస్త్రం వేశాడు. ఎదిరించినవాణ్ణి మాత్రమే కాల్చే అస్త్రమది. ఆయుధాలు కింద పెట్టి నిలబడమని కృష్ణుడు చెబితే పాండవ సైన్యం బతికింది. ఎంత గొప్ప శక్తి అయినా ఎదిరించేవాడు లేకపోతే ఏమీ చెయ్యలేదన్న ఈ ఊహ, మా విద్యార్థి చెప్పిన నవలలో నాకు కనబడలేదు.

తర్వాత సౌప్తికపర్వం. తెలుగులో ఇంత చీకటి రచన మరొకటుందా అని నాకు అనుమానం. యుద్ధం ముగిసిన రాత్రి మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని గుడ్లగూబ చంపడం అశ్వత్థామ చూశాడు. దారి దొరికింది. శిబిరం వాకిట శివుణ్ణి మెప్పించి, ఖడ్గం పొంది, ఆయన ఆవేశం ఒంట్లో నింపుకుని లోపలికి వెళ్లాడు. ధృష్టద్యుమ్నుణ్ణి పక్క మీదే తొక్కి చంపాడు. ఆయుధంతో చంపమని, వీరుడి చావు ఇమ్మని అతను వేడుకున్నా ఆ పాటి దయ చూపలేదు. ద్రౌపది కొడుకుల్ని నిద్రలోనే నరికాడు. పాలకు ఏడ్చిన పిల్లవాడు ఇతనే! ఆ ఏడుపు నుంచి ఈ రాత్రి దాకా తెగని దారం ఒకటి ఉంది. దాన్ని పట్టుకుని నడవకపోతే సౌప్తికం ఒట్టి రాక్షసకృత్యంగా మిగులుతుంది.

ఇప్పుడు రెండో కథ. ఇది తిక్కన ఇంటి గుమ్మం ముందు జరిగింది.

కాటమరాజు యాదవుల నాయకుడు. ఆలమందలే అతని ఆస్తి. కరువొచ్చి, కనిగిరి సీమ నుంచి మందల్ని నెల్లూరు రాజు బీళ్లలోకి తోలుకొచ్చాడు. కథ ఆ రాజును నల్లసిద్ధి అంటుంది. మనుమసిద్ధే అతనని చాలామంది రాశారు. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. మేతకు, నీళ్లకు బదులుగా కాటమరాజు పుల్లరి కింద కోడెదూడల్ని ఇవ్వాలి. కొంతకాలం ఇచ్చిపుచ్చుకోవడాలు సవ్యంగానే సాగాయి. తర్వాత చెడింది. చిలుకను చంపారని, ఆవుల్ని చంపారని, పైరు మేపారని పాడేవాళ్లను బట్టి కారణం మారుతుంది. మారనిది ఒక్కటే. కాటమరాజు పుల్లరి ఇవ్వనన్నాడు, రాజు వదలనన్నాడు. నిన్న బీడు చూపించిన చెయ్యే ఇవాళ కత్తి పట్టింది.

రాజు తరఫున సైన్యం నడిపింది ఖడ్గతిక్కన. కవి తిక్కనకు పెదతండ్రి కొడుకు. మొదటి పోరులో బలగం పోయి ఇంటికి తిరిగొచ్చాడు. భార్య చానమ మంచం అడ్డం పెట్టి, పసుపుముద్ద ఉంచి, ఆడవాళ్లకు పెట్టినట్టు నీళ్లు పెట్టింది. తల్లి ప్రోలమ విరిగిన పాలు పోసింది. ఈ ఘట్టం మీది చాటువులు తెలుగు చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. వీరమాత, వీరపత్ని అని మనం పాఠం చెబుతాం. చాన్నాళ్లు నేనూ అట్లాగే చెప్పాను. ఇప్పుడు చెప్పలేకపోతున్నాను. ఎవరి ఆవులు ఎవరి గడ్డి మేశాయన్న తగాదా అది. దాన్లో ఆ ఇంటి ఆడవాళ్లకు దమ్మిడీ లాభం లేదు. కొడుకు చావాలని తల్లి చేతనే అనిపించింది భూస్వామ్య సమాజం. అందులోనూ మగవాణ్ణి పొడవడానికి ఆడతనాన్నే తిట్టుగా వాడింది. అతను వెనక్కి వెళ్లి పాలేరు ఒడ్డు పోరులో చచ్చిపోయాడు. చాటువు చెప్పినవాడికి గొప్ప చమత్కారం దొరికింది. ప్రోలమ ఆ రాత్రి ఏమనుకుందో ఏ చాటువూ చెప్పలేదు.

రెండు కథల్లోనూ తగాదా పశువు దగ్గరే పుట్టిందని చదువరి ఈపాటికి గ్రహించే ఉంటాడు. కాకతాళీయమని కొట్టేయవచ్చు. కానీ పశుసంపదే ధనమైన సమాజంలో స్నేహం తెగేది ఎక్కడ? పాలు ఎవరికి, గడ్డి ఎవరిది అన్నచోటే. పుల్లరి మాట కూడా ఆ శతాబ్దంతో పోలేదు. 1921–22లో పల్నాడు అడవుల్లో పశువులు మేపుకోవడానికి తెల్ల దొరతనం పుల్లరి వేస్తే ఎదిరించి కన్నెగంటి హనుమంతు 1922లో ప్రాణమిచ్చాడు. ఇవాళ్టికీ కోతలయ్యాక మెట్ట ప్రాంతపు కాపర్లు గొర్రెల్ని డెల్టా పొలాల్లోకి తోలుకొచ్చి మందలు కడతారు. సముద్రం వైపు బీళ్లు చాలావరకు రొయ్యల గుంటలయ్యాయి. కాటమరాజు ఇప్పుడొస్తే బకింగ్‌హామ్ కాలవ దాటాక మందను ఎక్కడ నిలుపుతాడో నాకు తెలీదు. అన్నట్టు, బ్రెజిల్ దేశంలో లక్షల మీద పెరుగుతున్న పశువుల జాతి పేరు నెలోరె. మన ఒంగోలు జాతి అక్కడికి వెళ్లి మన ఊరి పేరుతో స్థిరపడింది.

మానవాతీత శక్తికి వద్దాం. కాటమరాజు కథల్లో అదీ కొల్లగా ఉంది. గంగ మనుషులతో తర్కానికి దిగుతుంది, బొల్లావు సైన్యం మీదికి ఉరుకుతుంది. 1980 దశకంలో మన వారపత్రికలు క్షుద్ర నవలలతో నిండినప్పుడు అభ్యుదయ విమర్శకులు వాటిని మూఢనమ్మకాల ప్రచారమని ఖండించారు. ఖండించవలసిందే. కానీ మన విమర్శ ఎక్కువగా మంత్రం ఉందా లేదా అన్న దగ్గరే ఆగింది. ఎవరి ఆస్తి కోసం ఎవరు ఎవరి మీద ప్రయోగించారన్న ప్రశ్న దాకా రాలేదు. పాత కథల్లో శక్తి ఎప్పుడూ అరువు సొమ్మే. ద్రోణుడికి పరశురాముడిది, అశ్వత్థామకు రుద్రుడిది. దానికి గడువుంది, తీర్చవలసిన బాకీ ఉంది. అశ్వత్థామ చివరికి నుదుటి మణి పోగొట్టుకుని, మూడు వేల ఏళ్లు తోడు లేకుండా తిరగమన్న శాపం మోశాడు.

ఈ అరువు సంగతి తిక్కనకు పుస్తకాల్లోనే తెలిసింది కాదు. దాయాదులు అక్కన, బయ్యన మనుమసిద్ధిని నెల్లూరు నుంచి వెళ్లగొడితే, ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ణి సాయమడిగింది తిక్కనేనని సిద్ధేశ్వరచరిత్ర చెబుతుంది. కాకతీయ బలగం వచ్చింది, రాజ్యం తిరిగి వచ్చింది. కానీ ఆ సాయం తర్వాత నెల్లూరు ప్రభువు ఓరుగల్లు నీడన బతికిన రాజే. తన రాజు కోసం పరాయి శక్తిని అడిగి తెచ్చిన మంత్రి, శిబిరం వాకిట అశ్వత్థామ శివుణ్ణి అడిగే ఘట్టాన్ని తెలుగు చేశాడు. తన అనుభవమే మనసులో పెట్టుకుని రాశాడని నేననను. అట్లా అనడానికి ఆధారం లేదు. సంస్కృత మూలంలో ఉన్న కథే అది. కానీ ఎన్నో మాటలు తెలిసిన ఆ కవి సౌప్తికంలో మాట పొదుపుగా వాడిన తీరు చూస్తే, పగను దూరం నుంచి చూసి వర్ణించినవాడిలా నాకు అనిపించడు.

ఆర్థిక కారణం చెప్పేస్తే పగ అర్థమైపోయిందని మనలో కొందరికి భ్రమ. కుర్రతనంలో నేనూ అట్లాగే వ్యాసాలు రాశాను. ద్రోణుడికి సగం రాజ్యం వచ్చాక పాల కొరత తీరింది కదా, మరి పగ ఎందుకు తీరలేదు? పగకు పుట్టుక గడ్డిలోనే ఉన్నా, పుట్టాక అది గడ్డి మేసి బతకదు. అవమానాన్ని మేస్తుంది. చానమ పసుపుముద్ద లాంటి వాటిని మేస్తుంది. ఆ రెండో దశను చూపించడం సాహిత్యం పని. మొదటి దశను మరిచిపోకుండా చూపించడం అభ్యుదయ సాహిత్యం పని. మా విద్యార్థి చెప్పిన నవలలో స్నేహితులు ఎందుకు మోసం చేశారని అడిగితే, "వాళ్లు చెడ్డోళ్లు సార్" అన్నాడు. దాంతో నాకు ఆసక్తి పోయింది. చెడ్డవాళ్లు కాబట్టి మోసం చేశారంటే రచయిత పగ తీరే లెక్క రాశాడే గాని, పగ పుట్టిన లెక్క రాయలేదని అర్థం.

కాటమరాజు కథల్ని తంగిరాల వెంకట సుబ్బారావు సేకరించి పరిష్కరిస్తే 1970 దశకంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చు వేసింది. ఆరుద్ర ఇదే కథను నాటకం చేశారు. అయినా మన డిగ్రీ విద్యార్థికి ఖడ్గతిక్కన ఇంట్లో పసుపుముద్ద తెలుసు గాని, ఎదుటి పక్షాన చచ్చిన గొల్లల్లో ఒక్కడి పేరు తెలీదు. పాటలో వాళ్ల పేర్లున్నాయి. కొమ్ములవాళ్లు, మందహెచ్చులవాళ్లు వాటిని ఇన్ని వందల ఏళ్లు నోటితో మోసుకొచ్చారు.

విద్యార్థికి నా దగ్గరున్న దేవస్థానం వారి భారతంలో సౌప్తికపర్వం ఉన్న సంపుటం ఇచ్చి పంపాను. పదిరోజులకు తిరిగి తెచ్చాడు. ధృష్టద్యుమ్నుడి దగ్గర రాత్రిపూట చదవలేక పొద్దున చదివానన్నాడు. కాటమరాజు పుస్తకం కూడా అడిగాడు. నా దగ్గర లేదు. ఎప్పుడో గ్రంథాలయంలో చూసి నోట్సు రాసుకున్నదే ఉంది. ఆ నోట్సు తీసుకుని, వాళ్ల తాతకు మందతో తిరిగేటప్పుడు విన్న పాట కొంత గుర్తుందని, ఆయన దగ్గర కూర్చుని సరిచూస్తానని వెళ్లాడు.