నువ్వు ‘ఉండు’ అంటే కంప్యూటర్ ‘అన్‌డూ’ అని ఇంటే ఎట్ల?

తార్నాకల కిరాయి రూమ్. ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చుడుకు ఇంక రెండే రోజులు. టైపింగ్ మెల్లగ నడుస్తున్నదని మా దోస్తు మైకు ముంగట కూసొని ఇంగ్లిష్‌ల నోటితోని చెప్పుడు షురూ జేసిండు. ఒక పేజీ మంచిగనే పడ్డది. గప్పుడే ఎవరో తలుపు కొట్టిన్రు. "ఉండు, ఒస్తున్న" అన్నడు. మళ్లొచ్చి స్క్రీన్ సూస్తే ఆఖరు వాక్యం మాయం. ఇంగ్లిష్ ఇననీకి పెట్టిన సాఫ్ట్‌వేర్ ‘ఉండు’ను ‘అన్‌డూ’ అనుకున్నది. అంటే, జేసిన పని ఎన్కకు తీస్కో అని.

వాక్యం పోయినందుకు కాదు నాకు బాధైంది, వాడన్న మాటకు. "మనది ఊరి మాట గదరా, దానికేం సమజైతది" అన్నడు. మెషిన్ తప్పు జేస్తే మనోడు తన నాలికెను తిట్టుకున్నడు. ఊర్లకెల్లి యూనివర్సిటీకి వచ్చినోళ్లకు గీ అలవాటు మస్తుగుంటది. గందుకే గీ ముచ్చట రాస్తున్న. చెప్పని పని కంప్యూటర్ ఎందుకు జేస్తది, దాన్ని ఎట్ల ఆపాలె, ఒక్కొక్కటి సూద్దాం.

మెషిన్ ఇనదు, అందాజ జేస్తది

మనిషి ఇన్నట్టు కంప్యూటర్ ఇనదు. మైకుల పడ్డ సప్పుడును సెకనుల నూరో వంతు అంత చిన్న చిన్న ముక్కలు జేస్తది. గా ముక్కలు ఏ అక్షరాల సప్పుడుకు దగ్గరున్నయో, గా అక్షరాలు తనకు తెలిసిన ఏ మాటకు కలుస్తయో లెక్కగడ్తది. అన్నిట్ల ఎక్కువ దగ్గరున్నదాన్ని పట్టుకుంటది. తనకు తెల్వని మాట ఇన్నా సరే, తెలిసిన మాటలల్ల ఒకటి ఏరుకుంటది. ‘నాకు సమజ్ గాలే’ అనుడు దానికి చాన తక్కువ.

ఇంకో తిరకాసున్నది. చెప్పి రాపిచ్చే సాఫ్ట్‌వేర్‌కు రెండు పనులుంటయ్. ఒకటి, చెప్పింది రాసుడు. రెండు, హుకుం పాటించుడు: తీసెయ్, కొత్త లైనుకు పో, ఫైలు మూసెయ్ అసొంటియి. ఇప్పుడన్న మాట రాయాల్నా, పాటించాల్నా? చాన సాఫ్ట్‌వేర్లు మాటకు ముందూ ఎన్క నువ్వు ఆగినవా లేదా అన్నది సూసి నిర్ణయం జేస్తయ్. గలగల చెప్పుకుంట పోతే రాస్తయ్. ఆగి, ఒక్క మాటని, మళ్ల ఆగితే హుకుం అనుకుంటయ్. మా దోస్తు జేసింది గదే. చెప్పుడు ఆపి, ‘ఉండు’ అని, మళ్ల ఆగిండు.

పెద్ద పెద్దోళ్లకే తప్పలే

గిది మన ఒక్కళ్ల తిప్పలు గాదు. 2006 జులైల మైక్రోసాఫ్టోళ్లు విండోస్ విస్టాల మాటలు గుర్తువట్టే సౌలత్‌ను అందరి ముంగట చూపెట్టిన్రు. ‘అమ్మా’ అని ఉత్తరం మొదలువెడితే అది ‘అత్తా’ అన్నట్టు రాసింది. దిద్దుదామని ‘తీసెయ్’, ‘అంత పట్టుకో’ అని హుకుం ఇస్తే గా హుకుంలను గూడ అక్షరాలు జేసి కాయితం మీద పెట్టింది. మైకు సప్పుడును ఎంత పెద్దగ తీస్కోవాలె అన్న కాడ లోపమున్నదని తర్వాత గా కంపెనీ ఇంజనీర్లే చెప్పిన్రు. మైక్రోసాఫ్టోళ్ల సొంత మనిషి ఇంగ్లిష్ అది. మరి తప్పు నాలికెదా, మైకుదా?

2007ల ఇంకో సంగతి బయటపడ్డది. కంప్యూటర్ స్పీకర్లకెల్లి వచ్చే ఆడియోల హుకుం ఉంటే, గదే కంప్యూటర్ మైకు దాన్ని ఇని పాటించవచ్చని తేలింది. 2017 జనవరిల అమెరికాల శాండియాగో టీవీ యాంకర్ ఒకాయన బొమ్మరిల్లు కొనుడు గురించిన వార్త చెప్పుకుంట అలెక్సా పేరు తీస్తే, సూసేటోళ్ల ఇండ్లల్ల డబ్బాలు గూడ ఆర్డర్ పెట్టవోయినయని ఫిర్యాదులొచ్చినయ్. మెషిన్‌కు యజమాని ఎవరో, టీవీల మనిషి ఎవరో తేడా తెల్వదు.

మొదలు: ఇనేది ఎవరో పట్టుకో

రోగం తెల్వకుండ మందు వెయ్యొద్దు. ఒక్క కంప్యూటర్ల ఇనేటియి మూడు నాలుగు ఉండొచ్చు. విండోస్ 11ల విండోస్ కీ, హెచ్ కలిపి నొక్కితే వచ్చేది వాయిస్ టైపింగ్. ముఖ్యంగ రాసుటానికే, తీసెయ్ అసొంటి కొన్ని హుకుంలు మాత్రం ఉంటయ్. వాయిస్ యాక్సెస్ అట్ల గాదు, మొత్తం కంప్యూటర్‌నే నోటితోని నడిపిస్తది. గూగుల్ డాక్స్‌ల ఇంకొకటి. పక్కన పెట్టిన ఫోన్ల ఇంకొకటి.

మైకు నడుస్తున్నప్పుడు స్క్రీన్ కింద కుడి దిక్కు చిన్న మైకు బొమ్మ కనవడ్తది. దాని మీద మౌస్ పెడితే ఏ యాప్ వాడుతున్నదో పేరు చూపెడ్తది. అక్కర లేనిది బంజెయ్యి. నువ్వు ఆన్ జెయ్యకుండనే వాయిస్ యాక్సెస్ లేస్తుంటే సెట్టింగ్స్‌ల యాక్సెసిబిలిటీకి, అక్కడి నుంచి స్పీచ్‌కు పో. కంప్యూటర్ల లాగిన్ గాంగనే మొదలుకావాలె అన్న కాడ టిక్కు ఉంటే తీసెయ్.

రెండోది: సప్పుడు

తార్నాక చౌరస్తాల మీద మెట్రో, కింద బస్సులు, హారన్లు. రూమ్‌ల ఫ్యాన్, పక్క మంచం మీద యూట్యూబ్. ల్యాప్‌టాప్ లోపటి మైకు గివన్నిటిని సమానంగ పట్టుకుంటది. ఏం మాట్లాడకున్నా స్క్రీన్ మీద చిన్న చిన్న మాటలు పడుతున్నయంటే దోషం సప్పుడుదే.

వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ మైకైనా ల్యాప్‌టాప్ మైకు కన్నా మంచిగ పనిజేస్తది, నోటికి దగ్గరుంటది గాబట్టి. సూటిగ నోటి ముంగట పెట్టొద్దు, ఊపిరి తగిలి ‘ప’, ‘ఫ’ కాడ బుస్సుమంటది. నోటి మూలకు, రెండు వేళ్ల దూరంల పెట్టు. సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ల ఇన్‌పుట్ కాడికి పోయి నువ్వు పెట్టిన మైకే ఎంచుకున్నదా లేదా సూడు. మాట్లాడితే గీత కదలాలె, ఊకున్నప్పుడు దాదాపు కదలొద్దు. ఊకున్నా ఎగురుతుంటే ఇన్‌పుట్ వాల్యూమ్ తగ్గించు. స్పీకర్లు బంజేసి ఇయర్‌ఫోన్‌ల ఇను.

తప్పు వడ్డప్పుడు మనం గట్టిగ అరుస్తం. అది ఉల్టా పనిజేస్తది. అరిస్తే గొంతు పగిలి మైకుల ఇంకింత పాడైతది. మామూలుగ మాట్లాడినట్టే మాట్లాడు.

మూడోది: భాష

మనం మాట్లాడేది ఒట్టి తెలుగు గాదు, ఒట్టి ఇంగ్లిష్ గాదు. నడిమిట్ల ఉర్దూ గూడ కలుస్తది. మెషిన్ మాత్రం ఒక్కసారికి ఎక్కువశాతం ఒక్క భాషల్నే ఇంటది. ఇంగ్లిష్‌ల పెట్టి తెలుగు మాట్లాడితే ‘కట్ట’ అన్నది ‘కట్’ కావచ్చు, ‘సేవ’ అన్నది ‘సేవ్’ కావచ్చు.

విండోస్ 11 వాయిస్ టైపింగ్ కీబోర్డు ఏ భాషల ఉంటే గా భాషల ఇంటది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి మార్చుకో. గూగుల్ డాక్స్‌ల మైకు బొమ్మ మీదనే భాష ఎంచుకునే జాగుంటది. గూగుల్ 2017 ఆగస్టుల తన వాయిస్ టైపింగ్‌కు తెలుగును కలిపింది. ఇంకో ఫాయిదా ఏందంటే, డాక్స్‌ల దిద్దే హుకుంలు ఇంగ్లిష్‌లనే పనిజేస్తయ్. తెలుగుల పెట్టుకొని చెప్పుకుంట పోతే హుకుం అనుకొని తీసేసే బాధ ఉండదు. చెప్పింది పడ్తది, తర్వాత కీబోర్డుతోని దిద్దుకోవచ్చు. తెలుగుల రాసేటోళ్లకు నేను చెప్పే తొవ్వ గిదే.

నాలుగోది: రాసుడు వేరు, హుకుం వేరు

రెండు పనులు కలిసే కాడ గడబిడ ఉంటది గాబట్టి వాటిని విడగొట్టు. వాయిస్ యాక్సెస్‌ల ఒట్టి రాసే మోడ్, ఒట్టి హుకుంల మోడ్, రెండూ కలిసిన మోడ్ ఉన్నయ్. పేజీలకు పేజీలు చెప్పేటప్పుడు రాసే మోడ్‌ల ఉండు. డ్రాగన్ అనే సాఫ్ట్‌వేర్ల షిఫ్ట్ కీ వట్టుకొని మాట్లాడితే ఏమన్నా రాస్తది, కంట్రోల్ కీ వట్టుకొని మాట్లాడితే హుకుమే అనుకుంటది. పాత విండోస్ స్పీచ్ రికగ్నిషన్ల ‘కామా’ అన్న మాటనే రాయాలంటే ముందుగాల ‘లిటరల్’ అనాలె.

ఎవరన్నా పిలిస్తే, ఫోన్ మోగితే, దగ్గొస్తే ముందు మైకు ఆపు, తర్వాత మాట్లాడు. గీ ఒక్క అలవాటుతోనే సగం లొల్లి తగ్గుతది.

పోయినది మళ్ల దొరుకుతదా?

దొరుకుతది, ఆగం గాకుంటే. ఎమ్మటే మైకు బంజేసి కంట్రోల్, జెడ్ కలిపి నొక్కు. ఇంక రాలేదంటే మళ్ల మళ్ల నొక్కు. నడుమల కొత్త మాటలు చెప్పొద్దు. గూగుల్ డాక్స్‌ల అయితే ఫైల్ మెనూల వర్షన్ హిస్టరీ ఉంటది, గంట కింది కాయితం గూడ తీస్కోవచ్చు. పైసలు పంపుడు, పరీక్ష ఫీజు కట్టుడు, మెయిల్ పంపుడు అసొంటి పనులప్పుడు మైకు బందే ఉండాలె.

క్యాంపస్ మనకు చెప్పే పాఠం

గిది నేర్చుకునుడు సోకు కోసం గాదు. కండ్లు కనవడనోళ్లు, చేతులు ఆడనోళ్లు నోటితోనే థీసిస్ రాయాలె. వాళ్లకు ఒక్క తప్పు హుకుం అంటే ఒక్క రోజు కష్టం.

ఉస్మానియా పక్కనే ఇఫ్లూ ఉన్నది. 1958ల సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పేరుతోని మొదలైంది. అక్కడి ఆర్.కె. బన్సల్ 1969ల భారతీయుల ఇంగ్లిష్ బయటోళ్లకు ఎంతవరకు సమజైతది అన్న దాని మీద పుస్తకం తెచ్చిండు. అప్పుడు అడిగింది మనుషుల గురించి, ఇప్పుడు గదే సవాలు మెషిన్‌కు. ఉస్మానియాల భాషాశాస్త్రం చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశంల వ్యవసాయం మాటల సంపుటం 1962ల వచ్చింది. రైతుల నోట్లె ఉన్న మాటలను ఊరూరా అడిగి ఏరిన్రు. ఊరి మాట తప్పు మాట అనుకుంటే గా పుస్తకం వచ్చేదే గాదు.

మెషిన్ తాను ఇన్న గొంతులనే గుర్తువడ్తది. వార్తలు చదివే గొంతులే ఎక్కువ ఇంటే వాటినే మంచిగ రాస్తది. కేంద్ర సర్కారు భాషిణి కింద భాషాదాన్ అని ఒకటి నడుపుతున్నది, అక్కడ ఎవరైనా తమ గొంతు ఇయ్యొచ్చు. నీ ఊరి గొంతు దాంట్ల లేకుంటే రేపు వచ్చే సాఫ్ట్‌వేర్ గూడ ‘ఉండు’ కాడ తడవడ్తది.

గందుకే తమ్మీ, చెల్లె, మళ్ల వాక్యం మాయమైతే నాలికెను తిట్టుకోకుర్రి. వరుసగ అడుగుర్రి: ఇనేది ఏది? సప్పుడు ఎక్కడిది? భాష ఏది పెట్టిన? మోడ్ ఏది? మా దోస్తు గదే జేసిండు. ఇయర్‌ఫోన్ మైకు పెట్టిండు, రాసే మోడ్‌ల కూసున్నడు, తలుపు కొడితే ముందు మైకు ఆపుతున్నడు. రిపోర్టు టైముకే ఇచ్చిండు. ఇప్పుడు గూడ ‘ఉండు’ అనే అంటడు, మాట మార్చుకోలే.