జ్వరము తగ్గిన తరువాత

జ్వరపడిన బిడ్డ లేచి కూర్చుండగనే కృతజ్ఞతార్పణ తెచ్చుట మన మైపాడు తీరమున వాడుక. అట్టి యొక యింట మేము స్తోత్ర ప్రార్థన చేసితిమి. బిడ్డ వినుచున్నాడా అని అడుగక తిరిగి వచ్చితిమి. అతనికి వచ్చినది మెనింజైటిసు, అనగా మెదడు పొరల వాపు. వినికిడి పోయినదని తరువాత తెలిసెను.

1805లో జెనీవాలో వ్యూస్సో అను వైద్యుడు ఈ వ్యాధిని వర్ణించెను. తగిన మందులేని ఆ దినములలో అనేకులు మరణించిరి. 1930లలో సల్ఫా మందులు, 1940లలో పెన్సిలిన్ ప్రాణములు నిలిపినవి. అయితే వాపు లోచెవికి ప్రాకి, బ్రదికిన బిడ్డలలో కొందరి వినికిడిని హరించుచునే యున్నది.

2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వలన పేద బిడ్డలకును కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స అందినది. కాని ఈ వ్యాధి తరువాత లోచెవి కొన్ని వారములలోనే ఎముకవలె గట్టిపడవచ్చును. ఆలస్యమైనచో ఆ చికిత్స కష్టమగును. కనుక ఆసుపత్రి విడుచునప్పుడే, లేదా నాలుగు వారములలోపల, వినికిడి పరీక్ష చేయింపవలెను. పెంటావలెంట్ టీకాయు, 2021లో దేశమంతటికి విస్తరించిన న్యూమోకాకల్ టీకాయు ఈ వ్యాధి ముఖ్య కారణములలో రెండింటిని అడ్డగించును; 6వ వారమున మొదలిడుట మరువకుడి.

పిలిచినను పలుకని బిడ్డను మొండివాడని కొట్టకుడి. మార్కు సువార్త 7వ అధ్యాయములోని చెవిటివానిని ప్రభువు గద్దింపలేదు. ప్రక్కకు తీసికొనిపోయి అతని చెవులను ముట్టెను. మన కృతజ్ఞతార్పణ ఆ పరీక్షతో సంపూర్ణమగును గాక.